1907 నమూనా బాయొనెట్

రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బ్రిటిష్ సామ్రాజ్యపు సైనికులు త్రీనాట్‌త్రీ రైఫిల్ మూతికి తగిలించుకున్న పొడవాటి కత్తి ఇది. పాత ఆయుధాలు సేకరించేవారికి తరచుగా ఎదురయ్యేదీ, వారిని తరచుగా పొరబడేలా చేసేదీ ఇదే. పిడి దగ్గర ఉక్కు మీద 1907 అని కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అది తయారైన ఏడాదని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నమూనా పేరు మాత్రమే. 1918లో చేసిన కత్తి మీద కూడా 1907 అనే ఉంటుంది.

20వ శతాబ్దపు తొలి ఏళ్లలో బ్రిటన్ తన రైఫిల్‌ను పొట్టి చేసింది. 49.5 అంగుళాల పాత లీ-ఎన్‌ఫీల్డ్ స్థానంలో 44.5 అంగుళాల కొత్త తుపాకీ వచ్చింది. దానికి అమర్చే 1903 నమూనా బాయొనెట్ అలుగు 12 అంగుళాలే. పొడవైన తుపాకీ ఉన్న శత్రువు ఎదురైతే తమవాడి పోటు అందదన్న బెంగ సైన్యాధికారులకు పట్టుకుంది. అప్పటికే రష్యాతో యుద్ధంలో జపాన్ సైనికులు వాడిన పొడవాటి బాయొనెట్ అందరి కళ్లలో పడింది. దాన్ని చూసి బ్రిటన్ 17 అంగుళాల అలుగుతో కొత్త నమూనా చేసి 1908 జనవరిలో ఆమోదించింది. తీరా మొదటి ప్రపంచ యుద్ధంలో ఎక్కువమందిని చంపినవి ఫిరంగులూ మెషీన్‌గన్లూ అయ్యాయి. ఇరుకు కందకాల్లో ఈ పొడవు సైనికుడికే అడ్డొచ్చింది.

జపాన్ కత్తి నుంచి వచ్చిన మరో సంగతి, పిడికీ అలుగుకూ మధ్యనున్న అడ్డుపట్టీకి ఒకవైపు వంకర తిరిగిన కొక్కెం. ఎదుటివాడి అలుగును పట్టి తిప్పేయడానికి ఉద్దేశించిన ఆ ఏర్పాటు పెద్దగా పనికిరాలేదు. 1913లో దాన్ని తీసేశారు. అప్పటికే సైనికుల చేతుల్లో ఉన్నవి మరమ్మతుకు వచ్చినప్పుడు చాలావాటి కొక్కేలను కోసేశారు. 1916 నుంచి పిడి చివరి ఇనుప భాగంలో చిన్న రంధ్రం పెట్టారు, తుపాకీకి తగిలించే గాడిలో పేరుకున్న మట్టి బయటికి పోవడానికి. కాబట్టి కొక్కెం ఉండి రంధ్రం లేని కత్తి తొలి దశకు చెందినది, అరుదైనది. మామూలు కత్తికంటే దానికి ఎన్నో రెట్లు ధర పలుకుతుంది. అంత డబ్బు ఉన్నచోట దొంగ సరుకూ ఉంటుంది. కోసేసిన పట్టీకి కొత్త కొక్కేన్ని అతికించి అమ్ముతారు. అతుకు దగ్గర ఆకురాయి గీతలు, ఉక్కు రంగులో తేడా ఉన్నాయేమో చూడాలి. 1916 తేదీ ఉన్న కత్తికి కొక్కెం కనిపిస్తే గట్టిగా అనుమానించాల్సిందే.

అసలు తేదీ 1907కి దిగువన చిన్న అంకెల్లో దాక్కుని ఉంటుంది. 1 17 అంటే 1917 జనవరి. పైన కిరీటం, రాజు పేరు పొడి అక్షరాలు, కింద తయారీదారు పేరు ఉంటాయి. ఇంగ్లండులో విల్కిన్సన్ సంస్థ లక్షల సంఖ్యలో చేస్తే, విక్కర్స్ చేసినవి అతి తక్కువ. అందుకే వాటికి గిరాకీ. రెండో వైపున ప్రభుత్వ ఆస్తి అని చెప్పే బాణం గుర్తు, తనిఖీ ముద్రలు, అలుగును వంచి చూసి సరేనన్నందుకు వేసిన ఎక్స్ గుర్తు ఉంటాయి. ఆస్ట్రేలియాలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో చేసినవాటి చెక్కపిడి మీద స్లాజ్ అని కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. టెన్నిస్ రాకెట్ల స్లాజెంజర్ కంపెనీయే ఆ చెక్కలు చేసింది.

అమెరికాలో రెమింగ్టన్ చేసిన కత్తులతో మరో తికమక ఉంది. అదే కంపెనీ వేరే రైఫిల్ కోసం 1913 నమూనా బాయొనెట్‌నూ తయారుచేసింది. రెండూ కవలల్లా ఉంటాయి కానీ ఒకదాని తుపాకీకి మరొకటి సరిపోదు. సైనికుడు గందరగోళపడకుండా 1913 నమూనా పిడి చెక్క మీద రెండు లోతైన అడ్డగాట్లు పెట్టారు.

మన దేశానికి సంబంధించినవి బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ కత్తులు. వీటి మీద ఆర్.ఎఫ్.ఐ. అన్న ముద్ర ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడ 17 అంగుళాల అలుగులను 12 అంగుళాలకు కోశారు, కొత్తవి పొట్టిగానే చేశారు. పొట్టిగా ఉందని విరిగిన ముక్కగా లెక్కగట్టి పారేస్తే నష్టమే.

విలువ కట్టేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది అత్యుత్సాహం. తుప్పు వదిలించాలని ఇసుక కాగితంతో రుద్దితే ముద్రలు అరిగిపోతాయి, పాత ఉక్కుకు వచ్చిన నలుపు పోతుంది, ధర పడిపోతుంది. కవాతు కోసం మెరుగుపూత వేసినవాటికీ అదే గతి. వాదర పదును పెట్టి ఉండటం మాత్రం తప్పు కాదు, యుద్ధానికి బయలుదేరే ముందు సైన్యమే పదును పెట్టించేది. తోలు ఒర తోడుగా ఉంటే, పిడి చివర పటాలం గుర్తు చదవగలిగేలా ఉంటే విలువ పెరుగుతుంది.

భారతదేశంలో ఆయుధాల చట్టం నిబంధనలు కత్తులు, బాకులతో పాటు బాయొనెట్లను కూడా పేరు పెట్టి ప్రస్తావిస్తాయి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో వాటికి లైసెన్సు కావాలి. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులను పురావస్తువులుగా పరిగణించి, ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయకుండా 1972 నాటి చట్టం నిషేధిస్తోంది.