మంచినీటి చేపల మేతలో మొక్కల నూనెలు

పెంపకపు మంచినీటి చేపలకు కొవ్వు అందించడానికి మేతలో గింజల, పండ్ల నూనెలు, తవుడు నూనె వాడతారు. సోయా, ఆవజాతి, పొద్దుతిరుగుడు, అవిసె నూనెలు, పామాయిల్ వీటిలో ముఖ్యమైనవి. చేపకు శక్తి కొవ్వు నుంచి అందితే, ఖరీదైన మాంసకృత్తులు ఒంటి పెరుగుదలకు మిగులుతాయి.

చెక్క, తవుడు

భారతదేశపు చెరువుల్లోకి మొక్కల నూనె మొదట చెక్క రూపంలోనే వచ్చింది. బొచ్చె, శీలావతి, మోసు చేపలకు తవుడు, చెక్క సమపాళ్లలో కలిపి వేసేవారు. బెంగాల్‌లో ఆవచెక్క, ఆంధ్రలో వేరుశెనగ చెక్క వాడుకలో ఉండేవి. గానుగ చెక్కలో కొంత నూనె మిగిలి ఉండేది; పచ్చి తవుడులో అంతకంటే ఎక్కువ. ద్రావకంతో నూనె తీసే మిల్లులు వచ్చాక ఈ నూనె మనుషుల వంటకు, సబ్బులకు మళ్లింది. 1980లలో కొల్లేరు చుట్టూ చేపల చెరువులు విస్తరించినప్పుడు నూనె తీసిన తవుడే ప్రధాన మేత అయింది. రైతులు దాన్ని చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి నీటిలో వేలాడదీశారు. దానికి వేరుశెనగ, పత్తిగింజల చెక్కలు జోడించారు.

శాస్త్ర పరిశోధన

కొన్ని కొవ్వు ఆమ్లాలు ఆహారం ద్వారానే అందాలని 1929లో జార్జ్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు ఎలుకల్లో చూపారు. 1960లు, 1970లలో ఈ ప్రశ్న చేపల దాకా వచ్చింది. రెయిన్‌బో ట్రౌట్‌కు లినోలెనిక్ ఆమ్లం తప్పనిసరని అమెరికాలో తేలింది. బంగారుతీగకు మేతలో లినోలెయిక్, లినోలెనిక్ ఆమ్లాలు సుమారు ఒక్కో శాతం కావాలని జపాన్‌లో వతనబే, తకేయుచి బృందం నిర్ధారించింది. తిలాపియాకు ప్రధానంగా లినోలెయిక్ ఆమ్లమే అవసరం. ఈ రెండు ఆమ్లాలూ మొక్కల నూనెల్లో దొరుకుతాయి. మంచినీటి చేపలు చాలావరకు లినోలెనిక్ ఆమ్లం నుంచి ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలను స్వయంగా తయారు చేసుకోగలవు. సముద్ర చేపల్లో ఎక్కువవాటికి ఆ శక్తి బాగా తక్కువ.

చేపనూనెకు ప్రత్యామ్నాయం

1972-73లో ఎల్‌నినో, మితిమీరిన వేట కలిసి పెరూ తీరంలో ఆంకోవీ పట్టుబడిని కూల్చాయి. చేపపొడి, చేపనూనెల మీద ఆధారపడటంలోని ప్రమాదం అప్పుడు తెలిసింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో గుళికల మేతల్లో సోయా, ఆవజాతి నూనెల వాటా పెరిగింది.

పరిమితులు

తిన్న నూనె స్వభావం చేప మాంసంలోకీ వస్తుంది. సోయా, పొద్దుతిరుగుడు నూనెలతో ఒమేగా-6 పెరిగి, ఒమేగా-3 తగ్గుతుంది. అవిసె నూనెతో లినోలెనిక్ ఆమ్లం పెరిగినా డీహెచ్ఏ అదే స్థాయిలో పెరగదు. అందుకే పట్టుబడికి ముందు కొన్ని వారాలు చేపనూనె కలిపిన మేత వేసే పద్ధతి వచ్చింది. చెక్ దేశంలో ఆవజాతి, అవిసె గింజల మేతతో ఒమేగా-3 ఎక్కువున్న బంగారుతీగ చేపలను పెంచుతున్నారు. ఏ నూనె అయినా నిల్వలో ముక్కిపోతే చేప ఆరోగ్యానికి చేటు. దీన్ని నివారించడానికి మేతలో విటమిన్-ఇ వంటివి కలుపుతారు.