మ్రానై వంగిన విద్య



"మొక్కై వంగనిది మ్రానై వంగునా" యని మన పెద్దల మాట. ముప్పది యేండ్లు దాటి, ఉద్యోగమో వ్యవసాయమో చేసికొనుచున్న కుమారుడు, రేపటినుండి మల్లవిద్య నేర్వబోవుచున్నానని యింట జెప్పినచో, తండ్రి నోట మొదట వెడలునది యీ సామెతయే. ఆ మాటలో నిజమెంత, తొందరపాటెంత యను విషయమును చరిత్ర సాక్ష్యముతో నేడు విచారింతము.

పట్టణములందు యువకులే గాక నడివయసువారును నేర్చుకొనుచున్న విద్య యొకటి గలదు. దానిని మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అందురు. మిశ్రమ మల్లవిద్య యని మనము చెప్పుకొనవచ్చును. పిడిగ్రుద్దులు, కాలితన్నులు, కుస్తీపట్లు, నేలబడిన పిదప గొంతు నదుముట, కీళ్లు మడచుట, ఇవన్నియు నిందు గూడియున్నవి. పేరు క్రొత్తదే గాని విషయము ప్రాతది. క్రీస్తునకు పూర్వము 648వ సంవత్సరముననే గ్రీకులు తమ ఒలింపిక్ ఉత్సవములందు గ్రుద్దును పట్టును గలిపిన పంక్రేషన్ అను పోరును చేర్చిరి. మన భారతమున భీమ జరాసంధుల ద్వంద్వమును, విరాటుని కొలువున వలలుడు మల్లుని గూల్చిన కథయు నెఱుగని తెలుగువాడు లేడు.

కథలు విడిచి చరిత్రకు వత్తము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ చాళుక్యప్రభువగు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమను గ్రంథమును రచించెను. అందు మల్లులను వయసునుబట్టియు, దేహమునుబట్టియు, బలమునుబట్టియు తరగతులుగా విభజించి, వారి సాధనను, ఆహారమును వివరించెను. అందఱి కొక్కటే కొలత పనికిరాదని మన దక్షిణాపథపు రాజు దాదాపు తొమ్మిదివందల యేండ్ల క్రిందటనే గుర్తించెనన్నమాట.

1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వ్రాసిపెట్టెను. రాయలు తెల్లవాఱక మునుపే లేచి, నువ్వులనూనె త్రాగి, ఒడలంతయు నూనె పట్టించుకొని, మట్టితో జేసిన పెద్దబరువు లెత్తి, త్రాగిన నూనె చెమటగా వెడలువఱకు కత్తిసాము చేసి, తన మల్లులలో నొకనితో కుస్తీపట్టి, పిదప గుఱ్ఱమెక్కి తెల్లవాఱువఱకు స్వారి చేయుచుండెనట. రాయలు పట్టాభిషిక్తుడైనది 1509లో. పదియేండ్లకు పైగా రాజ్యభారము వహించిన పిమ్మటను ఆ నడివయసు ప్రభువు ప్రతిదినము నేలపై మల్లునితో పోరాడుచుండె ననుట గమనింపదగినది.

ఇక మన సీమకు వత్తము. పెద్దమండ్యము, గుఱ్ఱంకొండ, మదనపల్లె, పుంగనూరు, ఈ చుట్టుప్రక్కల నంతయు ఒకప్పుడు పాలెగాండ్ర యేలుబడి. పాలెగానికి బంట్లు కావలెను. బంటునకు సాము కావలెను. కట్టుబడివాండ్రనువారు స్వల్పమైన పన్నుతో మాన్యముల ననుభవించుచు ఊరికి కావలియు, అవసరమైనచో యుద్ధసేవయు చేయుచుండిరి. అట్టివానికి కఱ్ఱసాము, కత్తిసాము, కుస్తి వినోదములు కావు. అవియే వాని కూడు. కావుననే తండ్రి కొడుకునకు చిన్ననాటనే నేర్పెడివాడు. "మొక్కై వంగవలె" నన్న నియమము ఈ విద్యకు బిగిసినది, దేహధర్మమువలన కొంత, జీవనోపాధివలన కొంత.

1800వ సంవత్సరమున నిజాము ఈ ప్రాంతమును ఇంగ్లీషు కంపెనీకి వదలుకొనెను. దత్తమండలములకు ముఖ్యాధికారిగా వచ్చిన థామస్ మన్రో 1807 వఱకు ఇచట నుండి, దాదాపు 80 మంది పాలెగాండ్రను అణచి, వారి సేనలను చెదరగొట్టెను. పిదప కట్టుబడి మాన్యములను కంపెనీవారు పెక్కింటిని లాగికొనిరి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగబడినపుడు ఆయన వెంట నడచినవారిలో మాన్యములు పోయిన కట్టుబడివాండ్రు ననేకులుండిరి. కూడు పెట్టని విద్యను కొడుకున కెవడు నేర్పును? సాము బ్రదుకుతెరువు కాకపోయెను. పండుగనాటి కఱ్ఱసాములోను, గుండెత్తు పందెములోను దాని గుర్తులు మాత్రము మిగిలెను. కావున మన పల్లెలలో తగ్గినది బలము కాదు. బలమునకు త్రోవ చూపు గురువును, సాధన చేయు గరిడియును.

విద్య మరల తలయెత్తినది వేఱొక రూపమున. వీరఘట్టమున పుట్టి విజయనగరమున పెరిగిన కోడి రామమూర్తినాయుడుగారు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, పాఠశాలలో నుపాధ్యాయుడై, ఆపై సర్కసు పెట్టి, ఱొమ్ముపై ఏనుగును నిలిపికొని, ఇనుపగొలుసులు త్రెంచి కలియుగభీముడని పేరొందిరి. 1942లో వారు గతించిరి. 1920లో హ్యారీ బక్ అను అమెరికా దేశీయుడు చెన్నపట్టణమున వై.ఎం.సి.ఏ. వ్యాయామకళాశాలను స్థాపించి, బడులకు వ్యాయామోపాధ్యాయులను తయారుచేయ నారంభించెను. దేహసాధన బంటు కులవృత్తిగా నుండుట మాని విద్యార్థి హక్కయ్యెను.

ఆ కాలముననే జపానులోను ఇట్టి మార్పు కలిగెను. 1860లో జన్మించిన జిగోరో కానో పొట్టివాడు, బలహీనుడు. 1877లో, బాల్యము గడచిన పిదపనే, జుజుత్సు నేర్వ మొదలిడెను. రెండు సంప్రదాయములు చదివి, ప్రాణాపాయకరములగు పట్లను స్పర్ధనుండి తొలగించి, 1882లో జూడోను నెలకొల్పెను. ఆయన శిష్యపరంపరలోని మాయెదా 1914లో బ్రెజిలుదేశమునకు పోయి, అచట గ్రేసీ కుటుంబమునందలి కార్లోసునకు ఈ విద్య నేర్పెను. 1993లో అమెరికాలోని డెన్వరు నగరమున భిన్నవిద్యలవారిని ఒక్క బరిలో నిలిపినపుడు, ఆ కుటుంబమునకే చెందిన బక్కపలుచని రాయిస్ గ్రేసీ తనకంటె బరువైనవారిని పట్టులతో లొంగదీసి గెలిచెను. నేటి మిశ్రమ మల్లవిద్య లోకమున వ్యాపించుటకు నాందియైనది ఆ పోటీయే.

ఈ చరిత్రలో నడివయసువానికి పనికివచ్చు సారమొకటి గలదు. కానో పద్ధతిలో మొదటి పాఠము పడద్రోయుట కాదు, పడుట. తల నేలను తాకకుండ, చేయి విఱుగకుండ పడుట తెలిసినవానికే రెండవ పాఠము. పట్టు బిగిసినపుడు అరచేతితో రెండుమాఱులు తట్టినచో ఎదుటివాడు వెంటనే విడువవలెను. ఆ తట్టు ఓటమి కాదు. రేపు మరల వచ్చుటకు అనుమతి. పౌరుషమునకు పోయి తట్టనివాడు కీలు పోగొట్టుకొనును. మడిలో దిగవలసిన కాలు విఱిగినచో ఆ యింటి సేద్యమెవరు చేయుదురు? కుటుంబభారము వహించినవానికి ఇది చిన్న ప్రశ్న గాదు.

మన వైద్యశాస్త్రమును ఈ మాటనే చెప్పుచున్నది. సుశ్రుతుడును వాగ్భటుడును వ్యాయామమును తన బలములో సగమువఱకే చేయవలెననిరి. ఊపిరి నోట వెడల నారంభించుటయే ఆ సగమునకు గుర్తని సుశ్రుతుని మతము. ఇరువదియేండ్లవాడు ఈ హద్దు దాటినను రెండుదినములలో కోలుకొనును. నలువదియేండ్లవానికి వారములు పట్టును. గుండెజబ్బు, రక్తపుపోటు గలవాడు వైద్యు నడుగక బరిలో కాలు పెట్టరాదు. తలపై మాటిమాటికి తగులు దెబ్బలు మెదడునకు చేటని నేటి వైద్యులు నిర్ధారించిరి. తలను కొట్టనీయకయే పట్లు, ఎత్తుగడలు తృప్తిగా నేర్వవచ్చును.

కావున పెద్దలారా, కుమారుడు గాని అల్లుడు గాని ఈ విద్యకు బయలుదేఱిన యెడల నవ్వి కూర్చుండబెట్టకుడు. ఒకసారి వెంటబోయి గురువును చూడుడు. క్రొత్తవానికి పడుట ముందు నేర్పుచున్నాడా? తట్టినవెంటనే విడిపించుచున్నాడా? వయసును బరువును చూచి జత కూర్చుచున్నాడా? ఈ మూడును గలచోట నిర్భయముగా పంపవచ్చును. లేనిచోట ఎంత పేరున్నను వలదనుడు.

మ్రాను మొక్కవలె వంగదు; అది నిజము. ఒక్కసారి వంచబోయిన విఱుగును. కాని తడియు నోర్పును గల చేతిలో దినమున కొక వేలెడు చొప్పున మ్రానును వంగును. ఆ యోర్పు గురువున కుండవలెను, శిష్యున కుండవలెను, ఇంటి పెద్దకును ఉండవలెను.