కలంకారీలో కలం ఎంత?

కలంకారీ పేరెత్తగానే శ్రీకాళహస్తిది కలం పని, బందరుది అచ్చు పని అని విడగొట్టి చెప్పడం మనకు అలవాటు. ఆ వెంటనే మొదటిది కళ, రెండోది వ్యాపారం అనే తీర్పు కూడా వచ్చేస్తుంది. బందరు అచ్చు పని సాగే ఇవాళ్టి పెడనను చూసి చెబితే ఈ విభజన సరైనదే. చరిత్రలోకి వెళితే నిలవదు. ఇంగ్లీషువాళ్లు బందరులో గిడ్డంగి పెట్టింది 1611లో. ఆ శతాబ్దంలో ఈ తీరం నుంచి ఓడలెక్కిన మేలురకం అద్దకాలు కలంతో గీసినవే. గుడి తెరల మీద రామాయణం రాసిన పనిముట్టే పరదేశి పడకగదికి పూలతీగలూ గీసింది. కాబట్టి ఈ పనికి ప్రాణం ఏ పనిముట్టులో ఉందని అడగడం కన్నా, పనిముట్టు మారినా మారకుండా నిలిచిందేమిటని అడగడం మేలు.

నిలిచింది కరక్కాయ. బట్టను కరక్కాయ రసంలో, గేదె పాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని జిడ్డు రంగును పాకనివ్వదు. తుప్పు ఇనుమూ బెల్లమూ రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లలో వెదురు కలం ముంచి, చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కుతూ గీత గీస్తే, కరక్కాయ తగిలిన ఆ నీరు గుడ్డ మీదే నల్లబడుతుంది. ఎరుపు వేరే దారిలో వస్తుంది. ముందు పటిక నీళ్లే పెడతారు. తరవాత చిరువేరో మంజిష్ఠో వేసిన కాగులో ఉడికిస్తే, పటిక తగిలినచోటే ఎరుపు పట్టి నిలుస్తుంది. మిగతాచోట అంటిన రంగు పారేనీటి ఉతుకులకూ ఎండకూ వదిలిపోతుంది. టేకు అచ్చుతో వేసినా ఇదే వరస. 1742లో కేర్దూ అనే జెస్యూట్ పాదరీ క్రైస్తవం పుచ్చుకున్న అద్దకపువాళ్లను అడిగి రాసి ఫ్రాన్సుకు పంపిన ఉత్తరంలోనూ ఈ కరక్కాయ, ఈ గేదె పాలే ఉన్నాయి. ఉతికినా పోని రంగు వెనక రహస్యం అక్కడివాళ్లకు కావాలి మరి.

ఆ రంగుకు భయపడే ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లోనూ మళ్లీ 1721లోనూ ఈ గుడ్డల మీద నిషేధాలు పెట్టాయి. 1783లో థామస్ బెల్ రోలరు అద్దకానికి పేటెంటు తీసుకున్నాక, గీత గీతకూ చెయ్యి ఆడించే పద్ధతి ధరలో ఎలా నెగ్గుతుంది? పర్షియా బేరం మిగిలిన బందరుకు ఒకే పువ్వును వందలసార్లు వేసే అచ్చు అక్కరకొచ్చింది. గుడి తెరకు కథ చెప్పాలి, కథకు ప్రతి ముఖమూ వేరుగా ఉండాలి, అందుకే కాళహస్తిలో కలం నిలిచింది. ఈ తేడా కొనేవాడి అవసరం తెచ్చింది తప్ప పనివాడి స్థాయి తెచ్చింది కాదు.

అయితే, కలాన్ని అచ్చు తోసేసినప్పుడు ఒప్పుకున్నవాళ్లు అచ్చును స్క్రీను తోసేస్తే ఎందుకు గోల పెట్టాలని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. స్క్రీను కూడా పనిముట్టే. దానితో పటిక అద్ది, మంజిష్ఠలో ఉడికిస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ స్క్రీను వెంట సాధారణంగా వచ్చేది రసాయన రంగు. దానికి కరక్కాయ అక్కర్లేదు, కాలువ అక్కర్లేదు, రోజుల తరబడి ఎండా అక్కర్లేదు. చవక చీర కావలసిన ఇల్లాలికి అది దొరకకూడదనడం లేదు. దొరకాలి, తన పేరుతోనే దొరకాలి. శ్రీకాళహస్తి కలంకారీకీ మచిలీపట్నం (బందరు) కలంకారీకీ విడివిడిగా భౌగోళిక గుర్తింపు ఉన్నా, దుకాణంలో కలం, అచ్చు, స్క్రీను మూడు రకాలూ ఒకే పేరుతో అమ్ముడవుతున్నాయి. కొనేముందు గుడ్డను తిరగేసి చూడండి. కాగులో ఉడికిన ఎరుపు వెనకవైపుకూ దిగి ఉంటుంది. పైపూత రంగైతే వెనక వెలవెలబోతుంది.