సరిహద్దు దాటిన సామాను: జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతాల ప్రయాణ చరిత్ర

తెలంగాణలో రైలుమార్గాల చరిత్ర ఇంతవరకు ఎక్కువగా పెట్టుబడుల చరిత్రగా, బొగ్గు చరిత్రగా, పాలనా చరిత్రగా సాగింది. సంస్థానం కంపెనీకి ఎంత వడ్డీ పూచీ పడింది, సింగరేణి గనులకు పట్టాలు ఎప్పుడు చేరాయి అనే ప్రశ్నలకు సమాధానాలు దొరుకుతాయి. మూటాముల్లెతో స్టేషన్‌లో దిగిన మనిషి మాత్రం ఈ చరిత్రలో అరుదుగా కనిపిస్తాడు. నేటి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల భూభాగాన్ని ఆధారం చేసుకొని ఆ మనిషి ప్రయాణాన్ని, ముఖ్యంగా అతని సామానును, పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. రైలు ఎల్లలను చెరిపివేసిందనే అభిప్రాయం మనకు అలవాటైపోయింది. ఈ ప్రాంత అనుభవం అందుకు భిన్నమైనది. నిజాం రాజ్యపు ఎల్లను రైలు పొలిమేర నుంచి తెచ్చి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టింది.

వాడి–సికింద్రాబాద్ మార్గం 1874లో ప్రారంభమైంది. అప్పటికి తూర్పు తెలంగాణకు రైలు లేదు. 1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడిన తరువాత మార్గం తూర్పుకు సాగి 1886లో వరంగల్‌కు, 1888లో డోర్నకల్ మీదుగా సింగరేణి గనులకు, 1889లో బెజవాడకు చేరింది. జనగామ, మహబూబాబాద్ ఈ మార్గం మీదనే ఉన్నాయి. నిజాం కాలంలో జనగామ నల్లగొండ జిల్లా తాలూకా కాగా, జనవ్యవహారంలో మానుకోట అయిన మహబూబాబాద్ వరంగల్ జిల్లాలోనిది. ఈ విస్తరణ నిర్వివాదంగా జరగలేదు. చాందా రైల్వే పథకం వివరాలు ప్రజల ముందుంచాలని అడిగిన అఘోరనాథ చట్టోపాధ్యాయను 1883లో రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. ఉత్తరాన చాందా వైపు దారి కాజీపేట–బల్లార్షా మార్గంగా 1929 నాటికి గాని పూర్తికాలేదు.

మానుకోటలో బండి ఎక్కిన ప్రయాణికుడు డోర్నకల్, ఖమ్మం, మధిర, ఎర్రుపాలెం దాటి కొండపల్లి చేరుతాడు. ఎర్రుపాలెం నిజాం ఇలాకా, కొండపల్లి మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లా. అటూ ఇటూ మాట ఒకటే, పంట ఒకటే, వియ్యాలూ ఉన్నాయి. బండి కూడా మారనక్కరలేదు. మారేవి ప్రభుత్వం, నాణెం, సుంకం. కోస్తావారు ఈ వైపును ‘మొగలాయి’ అన్నారు. ఈ వైపువారు ఆ వైపును ‘అంగ్రేజీ ఇలాకా’ అన్నారు. ఒకే భాష మాట్లాడే ప్రజలు ఒకరి నేలను ఒకరు ఏలికల పేర్లతో పిలుచుకోవడం భాషాచరిత్రకారులు పట్టించుకోవలసిన విషయం.

సుంకం సంగతి మొదట చూద్దాం. కంపెనీకి, నిజాంకు మధ్య 1802లో కుదిరిన వాణిజ్య ఒడంబడిక సరుకుల మీద సుంకాన్ని నూటికి 5గా నిర్ణయించింది. ఆ సుంకం వసూలు చేసే శాఖ పేరు కరోడ్‌గిరి. ఎడ్లబండి కాలంలో ఆ నాకా పొలిమేర ఊరిలో ఉండేది. బండివాడు అక్కడ ఆగి, లెక్క తేల్చుకొని, ముందుకు పోయేవాడు. రైలు పొలిమేర దగ్గర ఆగి సరుకు విప్పి చూపదు. బెజవాడలో ఎక్కిన మూట జనగామలో దిగుతుంది. కాబట్టి సుంకం లెక్క అది దిగినచోటనే తేల్చవలసి వచ్చింది. రాజ్యం నడిబొడ్డున ఉన్న జనగామకు సరిహద్దు ఊరి లక్షణం కొంత అబ్బింది ఇందువల్లనే. పెళ్లికి కొన్న బట్టల మూట, తావీదు, ఇత్తడి సామాను ఇంటి అవసరానికా, అమ్మకానికా అనే ప్రశ్న అక్కడ పుట్టింది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినది ప్రయాణికుడు, తీర్పు చెప్పేది నాకా ఉద్యోగి. పెద్ద వర్తకునికి రసీదులుంటాయి, గుమాస్తా ఉంటాడు. చంకన మూట పెట్టుకొని దిగిన రైతుకు ఆ రెండూ లేవు.

రెండవది నాణెం. నిజాం రాజ్యంలో చెలామణి హాలీ సిక్కా. బ్రిటిషు రూపాయిని కల్దారు అన్నారు. ‘కల్’ అంటే యంత్రం, యంత్రంతో అచ్చువేసినది కనుక ఆ పేరు. ఉజ్జాయింపు మారకం ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు. 35 రూపాయలు మూటకట్టుకొని బయలుదేరిన మానుకోట రైతు చేతిలో బెజవాడలో 30 మిగులుతాయి. ఇది నష్టం కాదు, మారకం మాత్రమే. కాని చదువురాని ప్రయాణికునికి ఈ తేడా వివరించేది మారకం వ్యాపారి ఒక్కడే, అతను తన కమీషనును కూడా ఆ వివరణలోనే కలుపుకోగలడు.

బండి మారడం మరొక అనుభవం. కాజీపేట–బల్లార్షా మార్గం లేనికాలంలో జనగామ నుంచి కాశీకి పోదలచినవారు ముందు పడమటికి, సికింద్రాబాద్‌కు పోవాలి. అక్కడి నుంచి వాడి మీదుగా చుట్టుదారి ఒకటి. 1900 ప్రాంతాలలో హైదరాబాద్–గోదావరి లోయ రైల్వే వచ్చిన తరువాత మన్మాడ్ మీదుగా మరొకటి. ఈ రెండవది మీటరు గేజి. పట్టాల వెడల్పు మారితే పెట్టె ముందుకు కదలదు. సికింద్రాబాద్‌లో ఒకసారి, మన్మాడ్‌లో మరొకసారి పరుపుచుట్ట, ట్రంకుపెట్టె, బియ్యం మూట, నీళ్ల చెంబు దింపి మళ్లీ ఎక్కించాలి. కాశీయాత్రకు పోయేవారు వృద్ధులని గుర్తుంచుకుంటే ఈ వివరం చిన్నది కాదు. హమాలీ కూలి ప్రయాణ ఖర్చులో ప్రత్యేక పద్దు అయింది. 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైనపుడు అది పెషావర్, మంగళూరుల మధ్య నడిచింది. కాజీపేట ప్లాట్‌ఫారం మీద నిలబడిన జనగామవాసి నేటి పాకిస్తాన్‌లోని నగరానికి పోయే బండిని చూసిన కాలం అది.

దూరప్రయాణం ఈ ప్రాంతానికి మరీ కొత్తదేమీ కాదు. డోర్నకల్‌లో పనిచేస్తున్న వి. ఎస్. అజరయ్య 1910లో ఎడింబరో ప్రపంచ మిషనరీ సభకు హాజరయ్యాడు. 1912లో డోర్నకల్ బిషప్ అయ్యాడు. సింగరేణి వైపు బండి మారే జంక్షన్‌గా మాత్రమే పలువురెరిగిన ఊరి పేరు అట్లా ఇంగ్లండు చర్చి పత్రాలకెక్కింది.

సామానులో అన్నిటికంటె విలువైనది అచ్చుకాగితమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. నేటి మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు 1922లో ‘తెనుగు’ పత్రిక ప్రారంభించారు. అదే సంవత్సరం నల్లగొండ నుంచి ‘నీలగిరి’ వెలువడింది. పట్నం కాని, జిల్లా కేంద్రం కాని కాని ఒక గ్రామంలో పత్రిక నడవడానికి సోదరుల పట్టుదలే మూలకారణం. అయినా అచ్చుయంత్రం, సీసపు అక్షరాలు, కాగితపు కట్టలు ఇనుగుర్తిలో పుట్టినవి కావు. కేసముద్రం స్టేషన్ చేరువలో లేకపోతే ఆ సాహసం మరింత కఠినమయ్యేదని ఊహించవచ్చు. బయటి పత్రికలు కొన్నింటి ప్రవేశాన్ని ప్రభుత్వం నిషేధించిన సందర్భాలున్నందున, పుస్తకాల కట్ట కూడా విప్పి చూపవలసిన సామానుగానే పరిగణన పొందింది.

భూపాలపల్లి కథ వేరు. అక్కడికి నేటికీ ప్రయాణికుల రైలు లేదు. కాని రైలుకు ముందు ఈ ప్రాంతానికే ఒక పెద్ద అంతర్‌రాజ్య మార్గం దక్కబోయింది. గోదావరిని ధవళేశ్వరం నుంచి వార్ధా వరకు పడవ ప్రయాణానికి అనువుగా మార్చి నాగపూరు ప్రాంతపు పత్తిని సముద్రానికి దించాలని బ్రిటిషు ఇంజనీర్లు 1860లలో పనులు చేపట్టారు. దారిలో మూడు బండరాతి అవరోధాలు: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి. వీటిలో ఇచ్చంపల్లి మహదేవపూర్ ప్రాంతంలోనిది. 1860 ఒడంబడికలో నిజాం గోదావరి ఎడమగట్టు తాలూకాలను వదులుకొన్నాడు, సరిహద్దుగా ఉన్నంత మేర నదీప్రయాణానికి సుంకం ఉండరాదని అంగీకరించాడు. అంటే నీటిమీద సరుకుకు సుంకం లేదు. పాతికేళ్ల తరువాత వచ్చిన పట్టాలమీది సరుకుకు ఉంది. ఈ వైరుధ్యాన్ని చరిత్రకారులు తగినంత గుర్తించలేదు. పథకాన్ని 1871లో విరమించారు. ఆ తరువాత కాళేశ్వరం దగ్గర పడవ దాటి సిరివంచకు పోయే యాత్రికునికి నది పాత సరిహద్దుగానే మిగిలింది. రైలు కావలసినవారు మూటలు బండికెత్తి అడవిదారిన వరంగల్ వైపు రావలసిందే.

1947 ఆగస్టు 15 నుంచి 1948 సెప్టెంబరు 17 వరకు ఎర్రుపాలెం, కొండపల్లి మధ్య ప్రయాణం అక్షరాలా రెండు దేశాల మధ్య ప్రయాణం. నవంబరు 29న యథాతథ ఒడంబడిక కుదిరిన కొద్దికాలంలోనే హైదరాబాద్ ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకటి విలువైన లోహాలను భారతదేశానికి తరలించడాన్ని నియంత్రించింది, రెండవది భారత నాణేన్ని రాజ్యంలో చెల్లదన్నది. భారత ప్రభుత్వం వీటిని ఒడంబడిక ఉల్లంఘనలుగా భావించింది. ఢిల్లీలో ఇది లేఖల వివాదం. మానుకోట స్టేషన్‌లో ఇది ట్రంకుపెట్టె అడుగున ఉన్న ఇంటావిడ పుస్తెలతాడు, చెంగున కట్టుకున్న కల్దారు రూపాయి. రజాకార్ల భయంతో పిల్లాపాపలతో బెజవాడ వైపు తరలిన కుటుంబాలకు తమ వద్దనున్న బంగారమే కొత్తచోట బతుకు. దానిని దాచుకొని పోవడమే ఆనాటి ప్రయాణంలో అసలు భారమైంది. ఆ ఏడాది చరిత్రను సైనిక చర్యకు ముందుమాటగా మాత్రమే చదివితే ఈ మూటలు మన కంటపడవు.

సైనిక చర్యతో సరిహద్దు ఒక్కరోజులో తొలగిపోలేదు. నిజాం స్టేట్ రైల్వే 1950 ఏప్రిల్ 1న కేంద్రప్రభుత్వ అధీనంలోకి వచ్చి, 1951 నవంబరులో మధ్య రైల్వేలో కలిసింది. హాలీ సిక్కా మాత్రం ఆ తరువాత కూడా సంతలలో చేతులు మారుతూనే ఉంది. రాజ్యాంగం 306వ అధికరణం బి-తరగతి రాష్ట్రాలు తమ అంతర్గత సుంకాలను ఒప్పందంతో కొంతకాలం కొనసాగించుకోవడానికి వీలు కల్పించింది, హైదరాబాద్ ఆ వీలును వాడుకొంది. రైలు కేంద్రానిదైన తరువాత కూడా జనగామలో దిగిన మూట మీద సుంకం మరికొన్నాళ్లు హైదరాబాద్‌దే.