అటవీశాఖ సంస్మరణలో లేని పేర్లు

ఏటా సెప్టెంబరు 11వ తేదీన మనదేశంలో అటవీశాఖ తన అమరవీరులను స్మరించుకుంటుంది. విధి నిర్వహణలో ప్రాణాలు పోగొట్టుకున్న ఉద్యోగులకు శ్రద్ధాంజలి ఘటిస్తారు. స్తూపాల వద్ద పూలదండలు వేస్తారు. కేంద్రప్రభుత్వం 2013లో ఈ దినాన్ని నిర్ణయించింది. చనిపోయినవారిని తలచుకోవడాన్ని ఎవరూ తప్పుపట్టరు. అయితే ఆ తేదీ ఎక్కడినుంచి వచ్చిందో విచారిస్తే, సభల్లో వినిపించే చరిత్రకూ తేదీ చెప్పే చరిత్రకూ పొంతన లేదని తేలుతుంది.

1730లో జోధ్‌పూరు మహారాజు అభయసింగు కొత్త భవనం తలపెట్టాడు. సున్నం కాల్చడానికి కట్టెలు కావలసివచ్చాయి. రాజుగారి మనుషులు గొడ్డళ్ళు పట్టుకుని ఖేజడ్లీ గ్రామంలోని జమ్మిచెట్ల మీదికి వెళ్ళారు. అమృతాదేవి అనే బిష్ణోయీ స్త్రీ చెట్టును కౌగిలించుకుని ప్రాణాలిచ్చింది. ఆమెతో కలిపి 363 మంది ఆ గొడ్డళ్ళకు బలైనారని చెబుతారు. ఆ తేదీయే నేటి సంస్మరణ దినం. చంపినవారు కలపదొంగలు కారు, సర్కారు మనుషులు. చచ్చినవారు ఉద్యోగులు కారు, పల్లె జనం. ఊరి చెట్టును ప్రభుత్వ గొడ్డలి నుంచి కాపాడినవారిని అటవీశాఖ తన అమరుల వరుసలో మొదట నిలబెట్టుకున్నదన్నమాట. మంచిదే. కాని ఆ న్యాయాన్ని అక్కడితో ఆపడానికి వీల్లేదు.

అటవీశాఖ ఎందుకు పుట్టింది? 1864లో బ్రిటిషు ప్రభుత్వం ఈ శాఖను నెలకొల్పి, జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు డైట్రిక్ బ్రాండిస్‌ను అధిపతిగా నియమించింది. అప్పటికి రైలుమార్గాలు దేశమంతటా పాకుతున్నాయి. ఒక్క మైలు పట్టాల కింద 1,760 నుంచి 2,000 వరకు కొయ్యదూలాలు పరవాలి. అవి పుచ్చిపోయినప్పుడల్లా మళ్ళీ కొత్తవి కావాలి. విచ్చలవిడిగా నరికితే రేపటికి కలప మిగలదన్న భయమే ‘శాస్త్రీయ అటవీ నిర్వహణ’కు ప్రధాన ప్రేరణ. టేకు, సాల, దేవదారు విలువైన వృక్షాలైనాయి. ఇప్ప, తునికి, వెదురు, పశువుల మేత — పేదవాడి బతుకుకు ఆధారమైనవన్నీ రెండవ తరగతికి దిగజారాయి.

1865లో మొదటి అటవీచట్టం వచ్చింది. 1878 చట్టం అడవిని రిజర్వు, రక్షిత, గ్రామ అడవులని మూడుగా విభజించింది. రిజర్వు అడవిలో గ్రామస్థుడి తరతరాల వాడుక హక్కు కాకుండా పోయి, దొరలు దయతలచి ఇచ్చే సదుపాయంగా మారింది. ఈ మార్పు చర్చ లేకుండా జరగలేదు. ఊళ్ళకు అడవి మీద ఉన్న హక్కులను తుడిచిపెట్టడానికి వీల్లేదని మద్రాసు రెవెన్యూ బోర్డు 1871లోనే వాదించింది. బ్రాండిస్ సైతం గ్రామ అడవులకు చోటుండాలన్నాడు. చివరికి సర్వాధికారం సర్కారుదేనన్న పక్షమే నెగ్గింది. 1882లో మద్రాసు రాజధాని కూడా తన అటవీచట్టాన్ని చేసుకున్నది. 1900 నాటికి దేశ భూభాగంలో అయిదవ వంతుకు పైగా ఈ శాఖ చేతికింద ఉంది.

నేను సాహిత్యం బోధించేవాణ్ణి. ‘మాలపల్లి’ పాఠం చెప్పేటప్పుడు రచయిత జైలుకెందుకు వెళ్ళాడని విద్యార్థులడుగుతారు. అప్పుడు పుల్లరి అంటే ఏమిటో చెప్పవలసివస్తుంది. నిన్నటిదాకా ఊరిదిగా ఉన్న అడవిలో గొడ్డు మేసినందుకు కట్టే పన్ను అది. 1921లో పల్నాటి రైతులు ఆ పన్ను కట్టమన్నారు. అధికారులను సాంఘికంగా బహిష్కరించారు. అక్కడికి వెళ్ళి నిర్బంధానికి గురైన ఉన్నవ లక్ష్మీనారాయణగారే జైలులో ఆ నవల రాశారు. 1922లో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు నేలకొరిగాడు. ఆ సంవత్సరం ఆగస్టులోనే చింతపల్లి ఠాణాపై దాడితో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం లేచింది. పోడుపై నిషేధం, రోడ్డుపనుల్లో వెట్టి ఆ తిరుగుబాటుకు కారణాలు. నిజాం రాజ్యంలోనూ కథ ఇదే. ఆదిలాబాదు గోండుల చేలు రిజర్వు హద్దుల్లోకి పోయాయి. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణాలర్పించాడు. ఆ తర్వాతనే నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులను విచారించడానికి హైమెన్‌డార్ఫ్‌ను పంపింది.

స్వాతంత్ర్యంతో ఈ సంబంధం మారిందా? పేర్లు మారాయి. 1952 జాతీయ అటవీవిధానం దేశప్రయోజనం ముందు పక్కఊరి హక్కు నిలవదన్నది. స్లీపర్ల స్థానంలో కాగితపు మిల్లుల వెదురు వచ్చింది. 1988 విధానంలో గాని ప్రజల అవసరాలకు ముందువరుస దక్కలేదు. 2006 అటవీహక్కుల చట్టం ఆదివాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని తన పీఠికలోనే ఒప్పుకున్నది. ఆ అన్యాయం వలసపాలనలోనే గాక స్వతంత్ర భారతంలోనూ సాగిందని కూడా అందులో రాసుకున్నది. శాసనమే ఒప్పుకున్నదానిని సంస్మరణ సభ ఎందుకు దాటవేయాలి?

ఇక్కడ మనవైపు వారికి కూడా ఒక మాట చెప్పాలి. అడవిలో ఒంటరిగా తిరిగే బీటు గార్డు పేదింటి బిడ్డే. ఎర్రచందనం ముఠాల ధనికుడు ఏనాడూ అతనికి ఎదురుపడడు. ఎదురుపడేది కూలికి వచ్చిన మరో పేదవాడు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు తగాదాలో ఒక రేంజి అధికారి హత్యకు గురైనాడు. ఆ చావును సమర్థించేది అభ్యుదయ దృక్పథం కాదు. సర్కారు గీసిన గీతకు అటూ ఇటూ నిలబడి పేదవాళ్ళు ఒకరినొకరు చంపుకోవడమే ఆ గీత సాధించిన ఫలితం. అడవి లేకపోతే గోండుకూ బతుకు లేదు, గార్డుకూ కొలువు లేదు.

కాబట్టి స్తూపాన్ని కూల్చమని నేననడం లేదు. దాని మీద పేర్లు చాలవంటున్నాను. ఖేజడ్లీ పల్లెజనాన్ని తనవారిగా అంగీకరించిన శాఖ కన్నెగంటి హనుమంతును, కొమరం భీమును కాదనలేదు. వారూ ఊరి అడవి కోసం సర్కారు నెదిరించి చచ్చినవారే. వచ్చే సెప్టెంబరు 11న ఉద్యోగుల పేర్లతోపాటు ఆ పేర్లనూ చదవమని మన కళాశాలలనుంచి, సంఘాలనుంచి అడుగుదాం. పేర్లు చదివినంత మాత్రాన పట్టాలు రావు, నిజమే. కాని ఆ పేర్లు చదివిన నోటితో మర్నాడు పోడుచేలోని ఆదివాసిని ఆక్రమణదారని పిలవడం కష్టమవుతుంది.