‘చేయడు’, ‘చేయజాలడు’: హోసూరు తెలుగువారి రెండు బైబిళ్లూ పాపరాహిత్య వాదమూ

రక్షణ పొందిన విశ్వాసి ఆపైన పాపం లేకుండా బతకగలడా? ఈ ప్రశ్నకు వేదాంత గ్రంథాల్లో జవాబులు దొరుకుతాయి. అయితే హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో దీన్ని అడిగేటప్పుడు మరో సంగతి కూడా గమనించాలి. ఈ నేలకు మొరసునాడు అని పేరు. సేలం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. జిల్లాలు మారినా ఇంటిభాష తెలుగుగానే నిలిచిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. బడిచదువు మాత్రం తమిళం వైపు జరిగింది. 2006లో తమిళనాడు తెచ్చిన తమిళ అభ్యాస చట్టంతో ఆ జరుగుబాటు వేగం పెరిగింది. కాబట్టి తెలుగులో ప్రార్థన చేసుకుని, చదవడానికి తమిళ బైబిలు తెరిచే విశ్వాసి ఇక్కడ వింతేమీ కాదు. ఒకే వచనం అతని చెవికి రెండు రకాలుగా వినిపిస్తుంది. పాపరాహిత్యం మీద నడిచే వాదంలో కొంత భాగం ఆ తేడాలోనే ఉందని నా ప్రతిపాదన.

వాదం ఎక్కడ మొదలైనా చివరికి యోహాను మొదటి పత్రిక మూడో అధ్యాయం తొమ్మిదో వచనం దగ్గరికి రాక తప్పదు. దేవుని మూలంగా పుట్టినవాడి గురించి చెప్పే మాట అది. రెండు పాత అనువాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే, తెలుగులో మొదటి సగం ‘చేయడు’ అంటుంది, రెండో సగం ‘చేయజాలడు’ అంటుంది. బవర్ పండితుడి ఆధ్వర్యంలో 1871లో వచ్చిన తమిళ అనువాదం వరసలో అదే చోట ‘చెయ్యాన్’, ‘చెయ్యమాట్టాన్’ అని ఉంటుంది.

ముందు ‘చేయడు’ చూద్దాం. ‘మా మామ బీడీ తాగడు’ అంటే, ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క బీడీ కూడా ముట్టలేదని ఎవరూ అర్థం చేసుకోరు. ఆ అలవాటు లేదనే అర్థం. ‘రేపటి పెళ్లిలో కూడా తాగడు’ అన్నా అదే రూపం. తెలుగు వ్యతిరేక క్రియకు ఉన్న ఈ వెసులుబాటు పెద్దది: అలవాటునూ భవిష్యత్తునూ ఒకే మాటలో చెబుతుంది, జరిగిపోయినదాన్ని ‘తాగలేదు’కి వదిలేస్తుంది. గ్రీకులోని వర్తమాన కాలాన్ని పట్టుకుని ‘పాపంలో కొనసాగడు అని దీని భావం’ అంటూ వ్యాఖ్యాతలు పేజీలు నింపారు. ఆ అర్థం తెలుగువాడికి వ్యాకరణమే ఉచితంగా ఇస్తోంది.

చిక్కంతా రెండో మాటతోనే. ‘జాలడు’ అన్నది ‘చాలు’ నుంచి వచ్చింది. కాళ్లు చచ్చుబడినవాడు పరుగెత్తజాలడు. అక్కడ అలవాటు ప్రసక్తి లేదు, ఇష్టాయిష్టాల ప్రసక్తీ లేదు. శక్తే లేదు. కాబట్టి ‘పాపము చేయజాలడు’ అని వినగానే తెలుగు విశ్వాసికి తట్టేది విశ్వాసి స్వభావమే మారిపోయిందన్న మాట. నిన్న ఎవరిమీదో కోపంతో అరిచిన సంగతి గుర్తొస్తే అతని ముందు రెండు దారులే ఉంటాయి: ‘అది పాపం కాదు’ అనుకోవడం, లేదా ‘నేను దేవుని మూలంగా పుట్టనే లేదు’ అని బెంగపడటం. కూటాల్లో సాక్ష్యం చెప్పేవాళ్లు రక్షింపబడిన తేదీని గట్టిగా చెప్పి, ఆ తర్వాతి సంవత్సరాల దగ్గర గొంతు తగ్గించడంలో ఈ బెంగ పాలు ఎంతో కొంత ఉంటుందని నాకనిపిస్తుంది.

తమిళ ‘మాట్టాన్’ కథ వేరు. పాత తమిళంలో ‘మాట్టు’ అంటే శక్తి కలిగి ఉండటమే, అంటే ‘మాట్టాన్’ కూడా ‘జాలడు’కి చుట్టమే. కానీ ఇవాళ్టి వాడుకలో ‘వరమాట్టాన్’ అంటే రానంటాడు, రాడు గాక రాడు. బవర్ నాటి చదువరి ఆ మాటను ఎలా విన్నా, ఇవాళ హోసూరు బస్టాండులో తమిళం మాట్లాడే కుర్రాడికి అందులో పట్టుదలే వినిపిస్తుంది. తెలుగు వచనం స్వభావాన్ని గురించి చెబితే, తమిళ వచనం సంకల్పాన్ని గురించి చెబుతున్నట్టు ఉంటుంది. రెండు బైబిళ్లూ ఉన్న ఇంట్లో అన్నదమ్ములు ఈ విషయమై వాదులాడుకుంటే, వాళ్లు సిద్ధాంతం మీద వాదిస్తున్నారో క్రియాపదం మీద వాదిస్తున్నారో తేల్చడం కష్టం.

మూలం చూస్తే సరిపోతుంది కదా అంటారా? గ్రీకులో ‘దునతై’ అన్న మాట శక్తినే చెబుతుంది. ఆ లెక్కన తెలుగు అనువాదానిదే పైచేయి. దాని వెంట వచ్చే క్రియ వర్తమాన రూపంలో ఉంది కాబట్టి ‘చేస్తూ పోలేడు’ అని సర్దుకోవచ్చన్నది చాలామంది పండితుల మార్గం. రెండో అధ్యాయం మొదటి వచనంలో, ఎవరైనా పాపం చేస్తే అన్న చోట, రూపం మారి ఒక్కసారి జరిగిన పనిని సూచిస్తుందని వాళ్లు చూపిస్తారు. అందమైన పరిష్కారమే. కానీ ఇంత బరువును ఇంత సన్నని కాలభేదం మీద పెట్టడాన్ని సి.హెచ్. డాడ్ 1946 నాటి తన వ్యాఖ్యానంలో శంకించాడు. నాకూ ఆ శంకే సబబనిపిస్తుంది. ఎందుకంటే ఐదో అధ్యాయం పదహారో వచనంలో సహోదరుడు పాపం చేస్తుండగా చూసిన సందర్భం వస్తుంది. అక్కడా వర్తమాన రూపమే. ‘సహోదరుడు పాపంలో కొనసాగడు’ అనేదే రచయిత వ్యాకరణ నియమమైతే, తన నియమాన్ని తనే రెండు అధ్యాయాల్లో మరిచిపోయినట్టవుతుంది. ఇక మొదటి అధ్యాయం ఎనిమిదో వచనం, మనలో పాపం లేదనుకోవడం ఆత్మవంచన అని ముందే హెచ్చరించింది.

కాలభేదం తేల్చనిదాన్ని సంఘాలు ‘పాపం’ అన్న మాటకు ఇచ్చుకున్న నిర్వచనాలతో తేల్చుకున్నాయి. మత్తిగిరి వంటి పాత కతోలిక ఊళ్లలో ఈ ప్రశ్న అంత వేడిగా ఉండదు. పాపసంకీర్తనం అలవాటుగా ఉన్నచోట పాపరాహిత్యాన్ని చాటుకునేవాళ్లు అరుదు. 1547లో ట్రెంట్ మహాసభ కూడా ప్రత్యేక వరం ఉంటే తప్ప మనిషి జీవితమంతా చిన్న పాపాలనైనా తప్పించుకోలేడని తీర్మానించింది. లూథరన్‌లు 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనలోనే పాపరాహిత్య వాదాన్ని తోసిపుచ్చారు. గుంటూరులో 1842లో మొదలైన లూథరన్ సంఘం తెలుగువారికి అందించింది ఆ సంప్రదాయాన్నే.

జాన్ వెస్లీ వేరే దారి పట్టాడు. తెలిసిన ఆజ్ఞను తెలిసి మీరడమే అసలైన పాపమని గీత గీసి, ఆ అర్థంలో ప్రేమ పరిపూర్ణత ఈ జీవితంలోనే సాధ్యమన్నాడు. 1766లో దీనిమీద పుస్తకమే వేశాడు. అయినా ‘పాపరహిత పరిపూర్ణత’ అన్న పదబంధం అతనికి రుచించేది కాదు. తెలియక చేసే తప్పులు అప్పుడూ ఉంటాయన్నది అతని కారణం. అలాంటి మాట ఎంత దూరం పోగలదో కూడా అతను చూశాడు. అతని అనుచరుల్లో ఒకడైన జార్జ్ బెల్ తాను పరిపూర్ణుణ్ణని చెప్పుకుంటూ, 1763 ఫిబ్రవరి 28న లోకం అంతమవుతుందని కూడా ప్రకటించాడు. మార్చి ఒకటి యథాప్రకారం తెల్లవారింది.

హోసూరుకు నలభై కిలోమీటర్ల దూరంలో ఇదే గీత మరో రూపంలో కనిపిస్తుంది. నౌకాదళ అధికారిగా పనిచేసి వచ్చిన జాక్ పూనెన్ బెంగళూరులో 1975లో మొదలుపెట్టిన క్రిస్టియన్ ఫెలోషిప్ చర్చి, తెలిసి చేసే పాపం మీద జయం ఇప్పుడే సాధ్యమనీ, క్రీస్తుతో సంపూర్ణ సారూప్యం ఆయన రాకడలోనే అనీ బోధిస్తుంది. మనవాళ్లు ‘జయజీవితం’ అనేది దీన్నే. పాపాన్ని తెలిసినంత మేరకు కుదిస్తే జయం చేతికందుతుంది. లూథరన్‌లలా దాన్ని మనసులోని కోరిక దాకా విస్తరిస్తే జయం అందదు, కానీ పాపంతో రాజీపడే ప్రమాదం పొంచి ఉంటుంది.

ఇంతకూ ఆ గీత ఎవరు గీయాలి? తెలుగునాట దీనికి ఒక చేదు ఉదాహరణ ఉంది. విశ్వాసులందరూ సంపూర్ణంగా పరిశుద్ధులు కావచ్చన్నది సాల్వేషన్ ఆర్మీ పదకొండు సిద్ధాంతాల్లో పదోది. ఆ సంస్థే 1910ల్లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకల సెటిల్‌మెంటును నడిపింది. నేరజాతుల చట్టం కింద ఆ కుటుంబాలు పుట్టుకతోనే నేరస్థులు. ఆ వ్యవస్థ సేలం ఉప్పు కొరవలు అనే కులం పేరునూ తన జాబితాల్లో రాసుకుంది, అప్పట్లో హోసూరు సేలం జిల్లాలోనే ఉంది. ఒకవైపు ఎవరైనా పరిశుద్ధుడు కాగలడన్న సువార్త, మరోవైపు ఫలానా కులంలో పుట్టినవాడు దొంగతనం మానజాలడన్న సర్కారు. రెండూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ‘జాలడు’ అన్న మాటను యోహాను పరిశుద్ధతకు వాడితే, చట్టం నేరానికి వాడింది. సెటిల్‌మెంటులో హాజరుపట్టీ ఎదుట నిలబడినవాడికి పాపమంటే పోలీసు రిజిస్టరులో ఎక్కేదే అయింది. తన కుటుంబాన్ని రిజిస్టరులో కట్టేసిన చట్టం పాపమా అని అడిగే చోటు అక్కడ లేదు. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది.

అందుకే పాపాన్ని తెలిసి చేసినదానికే కుదించడం నాకు మింగుడుపడదు. మనకు తెలియని పాపం తరచు పక్కవాడికి బాగా తెలుస్తుంది. ‘చేయజాలడు’ను నీళ్లు కలిపి పలచన చేయడానికీ మనసు రాదు. ఆ పత్రిక రచయిత మనిషి పాపాల పద్దు రాయడం లేదు, అతను ఎవరి బిడ్డ అన్నది తేలుస్తున్నాడు. పుట్టుక వైపు నుంచి చూస్తే ‘జాలడు’, నడక వైపు నుంచి చూస్తే రెండో అధ్యాయం మొదటి వచనం.

ఆ వచనంలో తండ్రి దగ్గర మన తరఫున నిలిచేవాడికి తెలుగు అనువాదకులు వాడిన మాట ‘ఉత్తరవాది’. జవాబు చెప్పేవాడు, పూచీ పడేవాడు. తమిళంలో అదే చోట ‘పరిందు పేసుగిఱవర్’ అంటారు, జాలిపడి మాట్లాడేవాడని. హోసూరు ఇంట్లోని ఆ అన్నదమ్ములు మూడో అధ్యాయం దగ్గర ఆగిపోకుండా ఒక్క అధ్యాయం వెనక్కి తిప్పితే, ఒకరి పుస్తకంలో పూచీదారు, మరొకరి పుస్తకంలో జాలిపడేవాడు కనిపిస్తారు. తప్పు చేయజాలనివాడికి ఏ పుస్తకంలోనైనా ఆయనతో పనేమిటన్నది వాళ్లు తెలుగులోనే ఒకరినొకరు అడగాలి.