ఫాస్ఫో-ఏబీఎల్ యాంటీబాడీ

ఏబీఎల్ అనే టైరోసిన్ కైనేజ్‌లో ఫాస్ఫేటు చేరిన రూపాన్ని మాత్రమే గుర్తుపట్టే పరిశోధనా ప్రతిరక్షకం. 412వ స్థానంలోని టైరోసిన్‌కు ఫాస్ఫేటు చేరడం ఎంజైము చురుకుదనానికి గుర్తు. తరచుగా గురిపెట్టేది ఆ చోటినే. ఫాస్ఫేటు అతికించిన చిన్న పెప్టైడును కుందేలుకు ఎక్కించి, దాని రక్తరసంలోంచి ఫాస్ఫేటు లేని పెప్టైడుకూ అంటుకునే ప్రతిరక్షకాలను ఏరిపారేస్తారు. అసలు పనితనమంతా ఈ ఏరివేతలోనే. వెస్టర్న్ బ్లాట్‌లో పొరపై ఖాళీ చోట్లను కప్పడానికి పాలపొడి జోలికి పోకపోవడం మేలు: పాలలోని కేసీన్ కూడా ఫాస్ఫేటు మోసే ప్రోటీనే. ఫాస్ఫేటును తొలగించే ఫాస్ఫటేజ్ ఎంజైము కలిపిన నమూనాలోనూ పట్టీ మాయం కాకపోతే ఆ సీసాను నమ్మలేం. ఉస్మానియాలో చదివిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి బృందం 1983లో ఏబీఎల్ పేరుకు మూలమైన ఏబెల్సన్ ఎలుక ల్యుకేమియా వైరస్ జన్యుక్రమాన్ని ప్రకటించింది. మనిషిలో ఏబీఎల్ జన్యువు బీసీఆర్ అనే మరో జన్యువుతో అతుక్కుంటే దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా వస్తుంది. దాన్ని అణచే ఇమాటినిబ్ అనే మందుకు అమెరికాలో 2001లో అనుమతి దొరికింది.